లోకల్ జడ్జి పోస్టుకు అప్లై చేసే ముందు మీ ఇల్లు ఏ గీత లోపల ఉందో చూసుకోండి

అమెరికాలో ఎక్కడైనా మున్సిపల్ జడ్జి పోస్టు ఖాళీ పడిందని తెలియగానే మన లాయర్లు ముందు లెక్కపెట్టుకునేది బార్‌లో (లాయర్ల నమోదు సంఘంలో) చేరి ఎన్నేళ్ళయిందని. రెజ్యూమే దిద్దుకుంటారు, రిఫరెన్సుల కోసం పాత బాసులకు ఫోన్లు చేస్తారు. ఇంటి అడ్రస్ రాసే గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి అలవాటుగా రాసుకుపోతుంది. నేను చూసినంతలో మంచి మంచి అప్లికేషన్లు ఆగిపోయింది ఆ గడి దగ్గరే.

న్యూజెర్సీలో ఒక లా ఆఫీసులో పారాలీగల్‌గా (లాయర్ల సహాయకురాలిగా) ఏళ్ళ తరబడి ఇలాంటి ఫైళ్ళు సర్దాను. విజయవాడలో పుట్టిన జయ బాడిగ గారిని 2024లో కాలిఫోర్నియా గవర్నర్ శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమించినప్పటి నుంచి, "అక్కా, నేనూ అప్లై చేయొచ్చా?" అని అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. చేయొచ్చు, తప్పకుండా చేయండి. మనవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోవాలని నాకూ ఉంది. కాకపోతే దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది: మీ ఇల్లు ఆ పోస్టు గీసిన గీత లోపల ఉందో లేదో చూసుకోవడం. అదెలా చేయాలో వరసగా చెప్తాను.

మొదటి పని: పోస్టు ఏ కోర్టుది, నియమించేది ఎవరు

"లోకల్ జడ్జి" అనేది ఒకే ఉద్యోగం కాదు. న్యూజెర్సీలో మున్సిపల్ కోర్టు జడ్జి అంటారు. పెన్సిల్వేనియాలో మేజిస్టీరియల్ డిస్ట్రిక్ట్ జడ్జి, న్యూయార్క్ పల్లెల్లో టౌన్ జస్టిస్, విలేజ్ జస్టిస్, ఫ్లోరిడాలో కౌంటీ జడ్జి. నియమించేవాళ్ళు కూడా మారుతుంటారు. న్యూజెర్సీలో మేయర్-కౌన్సిల్ పద్ధతి ఉన్న ఊరైతే కౌన్సిల్ సమ్మతితో మేయర్ నియమిస్తారు. రెండు మూడు ఊళ్ళు కలిసి ఒకే జాయింట్ కోర్టు పెట్టుకుంటే, అదే రాష్ట్రంలో, ఆ జడ్జిని సెనేట్ సమ్మతితో గవర్నర్ నియమిస్తారు. పెన్సిల్వేనియాలో ఆ పదవికి మామూలుగా ఎన్నిక జరుగుతుంది. మధ్యలో ఖాళీ వస్తే గవర్నర్ పేరు పంపుతారు, సెనేట్ ఒప్పుకోవాలి.

ఇది ఎందుకు తెలియాలంటే, రెసిడెన్సీ రూలు, అంటే జడ్జి ఎక్కడ నివసించాలో చెప్పే నిబంధన, ఒక్కచోట ఉండదు. రాష్ట్ర రాజ్యాంగంలో ఉండొచ్చు, రాష్ట్ర చట్టంలో ఉండొచ్చు, సిటీ చార్టర్‌లోనో (నగరానికి రాజ్యాంగం లాంటిది) ఆర్డినెన్స్‌లోనో (ఊరి కౌన్సిల్ చేసే చట్టం) ఉండొచ్చు, చివరికి పోస్టు నోటీసులో ఒక లైనుగా కూడా ఉండొచ్చు. నాలుగూ తీసి చదవండి. రాష్ట్ర చట్టాలు లెజిస్లేచర్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. చాలా ఊళ్ళ ఆర్డినెన్సులు మ్యూనికోడ్, ఈకోడ్360 సైట్లలో ఉంటాయి. "రెసిడెంట్" అని వెతికితే సరిపోదు. "ఎలెక్టర్", "ఇన్‌హాబిటెంట్", "డొమిసైల్" అనే మాటలతో కూడా వెతకండి. పాత చట్టాల్లో రూలు ఈ మాటల వెనక దాగి ఉంటుంది. "ఎలెక్టర్" అంటే ఓటు హక్కున్న మనిషి. కాబట్టి ఆ ఒక్క మాటలోనే సిటిజన్‌షిప్ కూడా కలిసి ఉంది. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగి చూసుకోవాలి.

రెండో పని: గీత ఎంత పెద్దదో తెలుసుకోవడం

రూలు దొరికాక చూడాల్సింది, మిమ్మల్ని ఎక్కడ ఉండమంటోందని. రాష్ట్రంలోనా, కౌంటీలోనా, ఊళ్ళోనా, లేక కోర్టు డిస్ట్రిక్ట్ లోపలా? అందరూ తప్పులో కాలేసేది ఇక్కడే. "నాకు తెలిసినాయన పక్క ఊళ్ళో ఉంటూ ఇక్కడ జడ్జిగా చేస్తున్నాడు, కాబట్టి నాకూ ఫర్వాలేదు" అనుకుంటారు. ఆయన ఉన్నది వేరే రాష్ట్రమైతే ఆ పోలిక ఎందుకూ పనికిరాదు.

న్యూజెర్సీ గీత చాలా పెద్దది. మున్సిపల్ జడ్జి రాష్ట్రవాసి అయి ఉండాలి, రాష్ట్ర బార్‌లో కనీసం 5 ఏళ్ళు ఉండాలి. అదే ఊళ్ళో ఇల్లుండాలని రాష్ట్ర చట్టం అడగదు. అందుకే ఒకే జడ్జి సోమవారం ఒక ఊళ్ళో, బుధవారం ఇంకో ఊళ్ళో కూర్చోవడం ఇక్కడ మామూలు. పదవీకాలం 3 ఏళ్ళు.

టెక్సస్‌లో మున్సిపల్ కోర్ట్ ఆఫ్ రికార్డ్ (విచారణ అంతా రికార్డు చేసే కోర్టు) అయితే రాష్ట్ర చట్టం నాలుగు సంగతులు అడుగుతుంది. టెక్సస్ నివాసి, అమెరికా పౌరుడు, బార్‌లో పేరు సవ్యంగా ఉన్న లాయర్, ఆ రాష్ట్రంలో 2 ఏళ్ళో అంతకంటే ఎక్కువో ప్రాక్టీసు. అయితే సొంత చార్టర్ ఉన్న హోమ్-రూల్ నగరాలు తమ జడ్జి ఎంపిక గురించి తామే రాసుకుంటాయి. కాబట్టి టెక్సస్‌లో రాష్ట్ర చట్టం చదివి పుస్తకం మూసేయకండి, చార్టర్ తెరవండి.

వాషింగ్టన్ రాష్ట్రంలో గీత మధ్యరకం. మేయర్ నియమించే పార్ట్‌టైమ్ మున్సిపల్ జడ్జి ఆ ఊళ్ళో ఉండనక్కర్లేదు కానీ, ఆ ఊరున్న కౌంటీలో ఉండాలి. ఇది చట్టంలో ఒకే వాక్యంలో ఉంది, చాలా తేటగా ఉంది. పదవీకాలం 4 ఏళ్ళు. వారానికి 35 గంటలో అంతకంటే ఎక్కువో పనుంటే అది ఎన్నికతో భర్తీ అయ్యే పదవి అవుతుంది. అప్పుడు ఈ లెక్క వేరు.

ఫ్లోరిడా రాజ్యాంగం రాష్ట్ర ఓటరై ఉండాలంటుంది, దాంతోపాటు ఆ కోర్టు అధికార పరిధిలో నివసించాలంటుంది. కౌంటీ జడ్జి అయితే ఆ పరిధి కౌంటీయే. న్యూయార్క్ నగరంలో మేయర్ నియమించే క్రిమినల్ కోర్టు జడ్జిలు నగరవాసులై ఉండాలని ఆ రాష్ట్ర రాజ్యాంగమే చెప్తుంది. నగరం బయట, టౌన్ జస్టిస్ ఖాళీని టౌన్ బోర్డు నింపేటప్పుడు, ఆ మనిషి ఆ టౌన్‌వాసి అయి ఉండాలన్నది మూలసూత్రం. కొన్ని ఊళ్ళకు చట్టంలోనే మినహాయింపులు రాసి ఉన్నాయి. ఆ పదవికి లా డిగ్రీ అక్కర్లేదు కూడా. చదువు అడగని చట్టం ఇల్లు ఎక్కడని అడుగుతోందంటే, వాళ్ళు దేనికి విలువిస్తున్నారో మీకే తెలుస్తుంది.

అన్నిటికంటే బిగుతైనది పెన్సిల్వేనియా. నియామకానికి ముందు ఒక ఏడాది పాటు ఆ మేజిస్టీరియల్ డిస్ట్రిక్ట్ లోపలే నివసించి ఉండాలి. పదవిలో ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉండాలి. డిస్ట్రిక్ట్ అంటే సాధారణంగా కొన్ని టౌన్‌షిప్‌ల (ఊరి స్థాయి పాలనా ప్రాంతాల) గుంపు. కొన్నిచోట్ల రోడ్డుకు ఇటువైపు ఒక డిస్ట్రిక్ట్, అటువైపు ఇంకోటి.

ఫెడరల్ జిల్లా జడ్జీలకు కూడా తమ జిల్లాలో నివసించాలన్న రూలుంది. న్యూయార్క్‌లోని సదరన్, ఈస్టర్న్ డిస్ట్రిక్టుల వాళ్ళకు మాత్రం జిల్లా సరిహద్దుకు 20 మైళ్ళ లోపు ఉంటే చాలని సడలింపు ఇచ్చారు. లోకల్ పోస్టుల్లో అలాంటి మైళ్ళ సడలింపు ఉంటుందని మీ అంతట మీరు అనుకోవద్దు. రాసి ఉంటేనే ఉన్నట్టు.

మూడో పని: మీ ఇల్లు నిజంగా ఏ ఊళ్ళో ఉంది

వింతగా అనిపిస్తుంది కానీ, మనలో చాలామందికి తాము ఏ ఊళ్ళో ఉంటున్నామో తెలియదు. ఉత్తరాల మీద ఉండే పేరు పోస్టాఫీసు పేరు, ఊరి పేరు కాదు. ఉత్తరాల మీద "ప్రిన్స్‌టన్" అని ఉన్న ఇల్లు ప్లెయిన్స్‌బరోలో ఉండొచ్చు, సౌత్ బ్రన్స్‌విక్‌లో ఉండొచ్చు, వెస్ట్ విండ్సర్‌లో ఉండొచ్చు. ప్రిన్స్‌టన్ మెర్సర్ కౌంటీ, ప్లెయిన్స్‌బరో మిడిల్‌సెక్స్ కౌంటీ. అంటే పోస్టాఫీసు పేరు నమ్ముకుంటే ఊరే కాదు, కౌంటీ కూడా తప్పుతుంది. ఐజలిన్ అని రాసుకునేవాళ్ళు ఉండేది వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో. పెన్సిల్వేనియాలో ఎక్స్‌టన్ అనే ఇళ్ళు ఎక్కువగా వెస్ట్ వైట్‌ల్యాండ్ టౌన్‌షిప్‌వి. సియాటిల్ పక్కన బాతెల్ నగరమైతే సగం కింగ్ కౌంటీలో, సగం స్నోహోమిష్ కౌంటీలో ఉంటుంది. అది చాలదన్నట్టు, నగర హద్దు బయట ఉన్న ఇళ్ళక్కూడా బాతెల్ అనే పోస్టల్ పేరే ఉంటుంది.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీయండి. టాక్స్ ఏ ఊరికి వెళ్తుందని అందులో ఉందో అదే మీ ఊరు. అద్దెకుంటే ఓటరు రిజిస్ట్రేషన్ రికార్డు చూడండి. అందులో మీ కౌంటీ, టౌన్‌షిప్, వార్డు వేరువేరుగా ఉంటాయి. పెన్సిల్వేనియాలో అయితే మీ టౌన్‌షిప్ ఏ మేజిస్టీరియల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుందో కోర్టు వెబ్‌సైట్‌లో నంబరుతో సహా చూసి, ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకోండి. హద్దు మీదున్న ఇల్లయితే కౌంటీ జీఐఎస్ మ్యాపులో (ఆన్‌లైన్ భూమి మ్యాపులో) మీ పార్సెల్ నంబరు, అంటే స్థలం నంబరు, కొట్టి చూడండి. న్యూజెర్సీ మున్సిపల్ పోస్టుకు ఈ తేడా అడ్డం రాదు, ఎలాగూ రాష్ట్రమంతా ఒకటే గీత. అయినా ఫారంలో తప్పు ఊరు రాస్తే, ఊరి పేరే తెలియని మనిషికి ఊరి కోర్టు ఎలా ఇస్తామని ఎదుటివాళ్ళకు అనిపిస్తుంది.

నాలుగో పని: ఏ తేదీకి అక్కడ ఉండాలి

"నివసించాలి" అన్న మాట పక్కన ఒక తేదీ ఉంటుంది. అది అప్లై చేసిన రోజా, నియమించిన రోజా, ప్రమాణం చేసిన రోజా? లేక అంతకు ముందు ఏడాది నుంచా? రూలులో ఆ మాట ఎక్కడుందో గీత గీసి పెట్టుకోండి. తర్వాత కాలెండర్ తీసి వెనక్కి లెక్కపెట్టండి.

పెన్సిల్వేనియా లెక్క తీసుకుందాం. మీరు 2025 ఆగస్టు 1న ఆ డిస్ట్రిక్ట్‌లోకి కాపురం మార్చారనుకోండి. ఏడాది నిండేది 2026 ఆగస్టు 1న. జూలైలో నియామకం జరిగితే నెల తక్కువ, అంతే సంగతి. ఇల్లు కొన్న తేదీ, సామాను దించిన తేదీ వేరువేరైతే ఏది లెక్కకొస్తుందన్న ప్రశ్న కూడా వస్తుంది. రిజిస్ట్రేషన్ అయి మూడు నెలలు రినొవేషన్ జరిగిందనుకోండి, ఆ మూడు నెలలూ మీరు పాత ఇంట్లోనే పడుకున్నారు. ఆ మూడు నెలలను ఏడాదిలో కలపాలని చూడకండి.

ఫ్లోరిడాలో ఇబ్బంది వేరేరకం. కౌంటీ జడ్జి ఖాళీ పడ్డాక నామినేటింగ్ కమిషన్ (అభ్యర్థుల పేర్లు ఎంచి గవర్నర్‌కు పంపే సంఘం) 30 రోజుల్లో కనీసం 3, గరిష్ఠంగా 6 పేర్లు పంపాలి. ఆ గడువు ఇంకో 30 రోజులు పెంచే అధికారం గవర్నర్‌కు ఉంది. పేర్లు అందాక 60 రోజుల్లో ఆయన నియమించాలి. నోటీసు చూశాక ఇల్లు వెతుక్కుందామంటే అంత టైం ఉండదు. పక్క కౌంటీలో ఉంటూ కన్నేసిన వాళ్ళయితే, నివాసం ఏ తేదీకి కావాలో ఆ కమిషన్‌నే ముందుగా రాతపూర్వకంగా అడగాలి.

ఐదో పని: మకాం వేరు, కాపురం వేరు

చట్టంలో "డొమిసైల్" అనే మాటకు ఇంగ్లిష్‌లో పేరాలకు పేరాలు వ్యాఖ్యానాలున్నాయి. మన భాషలో దానికి చక్కని మాటే ఉంది, కాపురం. పనిమీద వెళ్ళి నాలుగు రోజులుంటే అది మకాం. పెట్టేబేడా సర్దుకుని, ఇక ఇదే మనిల్లు అనుకుని ఉంటే కాపురం. కోర్టులు చూసేది కూడా ఈ రెండే. మనిషి అక్కడ నిజంగా ఉన్నాడా, ఉండిపోవాలన్న ఉద్దేశం ఉందా. ఇళ్ళు ఎన్నయినా ఉండొచ్చు కానీ ఒక సమయంలో కాపురం ఒక్కటే. కొత్త కాపురం పెట్టేదాకా పాతదే లెక్క.

న్యూజెర్సీ ప్రభుత్వ ఉద్యోగుల నివాస చట్టం, 2011 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్నది, ఇంకో అడుగు ముందుకు వేసింది. డొమిసైల్ ఒక్కటీ ఉంటే చాలదు, అసలు నివాసం ఇక్కడే ఉండాలంటుంది. దానికి మూడు గుర్తులు చెప్పింది. పని లేని సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే గడపాలి. ఇంటి జీవితానికి కేంద్రం ఇదేనని స్పష్టంగా కనపడాలి. ఓటుకు చట్టబద్ధమైన అడ్రస్‌గా పెట్టుకున్నది ఇదే అయి ఉండాలి. మూడూ కలిసి ఉండాలి, ఏదో ఒకటి కాదు. ఆ చట్టం మామూలు ఉద్యోగాలకు రాష్ట్రంలోకి మారడానికి ఏడాది గడువిస్తుంది. జడ్జి పోస్టుకు ఆ గడువును నమ్ముకోమని మాత్రం నేను ఎవరికీ చెప్పను, ఎందుకంటే మున్సిపల్ జడ్జి రాష్ట్రవాసి అయి ఉండాలని వేరే చట్టం సూటిగా చెప్తోంది. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ మూడు గుర్తులతో మిమ్మల్ని మీరు కొలుచుకోండి. ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనపడలేదు.

మనవాళ్ళకు ఇది ఎందుకు కష్టమంటే, మన ఇళ్ళల్లో భార్య ఒక రాష్ట్రం, భర్త ఇంకో రాష్ట్రం అవడం చాలా మామూలు. ఆవిడ న్యూజెర్సీలో లాయరు, ఆయన డాలస్‌లో ఐటీ. పిల్లలు డాలస్‌లో స్కూలుకెళ్తారు. ఆవిడ గురువారం రాత్రి ఫ్లైటెక్కి సోమవారం పొద్దున తిరిగొస్తుంది. భార్యాభర్తలకు వేరువేరు కాపురాలు ఉండకూడదని చట్టం అనదు. కానీ "పని లేని సమయం ఎక్కడ గడుపుతున్నారు" అన్న ప్రశ్నకు ఆవిడ నిజం చెప్తే జవాబు డాలస్. లైసెన్సు న్యూజెర్సీది, బార్ న్యూజెర్సీది, టాక్స్ న్యూజెర్సీది అయినా సరే.

అలాంటి ఫైలు ఒకటి నా చేతికే వచ్చింది. ఆవిడ చాలా తెలివైన లాయరు. కోర్టులో నోరు విప్పితే అందరూ తలెత్తి చూసేవారు. అన్ని కాగితాలూ వరసగా పెడుతున్నాను. లీజు ఉంది, లైసెన్సు ఉంది, ఓటరు కార్డు ఉంది. కరెంటు బిల్లులు తిరగేస్తే నాలుగు నెలలూ ఒకేలా ఉన్నాయి, ఒక ఫ్రిజ్ నడవడానికి అయ్యేంత వాడకం. జనవరి చలిలో కూడా అంతే. నేనేమీ అనలేదు, బిల్లులు ఆవిడ ముందుకు జరిపాను. ఆవిడ కాసేపు చూసి, "వీళ్ళూ ఇది చూస్తారు కదా" అంది. అప్లికేషన్ ఆ సంవత్సరం వేయలేదు. పిల్లల స్కూలు సంవత్సరం అయిపోయాక కుటుంబమంతా ఇటే వచ్చేశారు. తర్వాత వేసింది. ఆ నిర్ణయం ఆవిడకు ఎంత బరువైందో దగ్గరనుంచి చూశాను కాబట్టి చెప్తున్నాను, అడ్రస్ అప్పు తెచ్చుకోవద్దు. చుట్టాలింట్లో ఒక గది చూపించి, ఫ్రెండు బేస్‌మెంట్ అడ్రస్ పెట్టి, ఆ కుర్చీలోకి వెళ్ళొద్దు. రేపు మీ ముందు నిలబడి "లైసెన్సు మీద పాత అడ్రస్ ఉంది సార్, మర్చిపోయాను" అనే మనిషికి ఫైన్ వేయాల్సింది మీరే.

ఆరో పని: ఫైలు సర్దడం

ఒక ఫోల్డర్ తీసుకుని ఇవి పెట్టండి.

- ఇంటి డీడ్ లేదా లీజు, అన్ని పేజీలతో, సంతకాలతో
- డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్
- ఓటరు రిజిస్ట్రేషన్ ప్రింటు, ఎప్పటి నుంచి ఉందో తేదీతో
- గత రెండు మూడేళ్ళ ఫెడరల్, స్టేట్ టాక్స్ రిటర్నుల మొదటి పేజీలు
- పన్నెండు నెలల కరెంటు, గ్యాస్ బిల్లులు
- కారు ఇన్సూరెన్స్ డిక్లరేషన్ పేజీ
- పిల్లలుంటే స్కూలు నమోదు కాగితం

ఇప్పుడు అన్నిటి మీదా అడ్రస్ ఒకటేనా అని వేలు పెట్టి చూడండి. ఎక్కువగా తప్పేది కారు ఇన్సూరెన్స్. బండి రాత్రిపూట ఎక్కడ ఉంటుందన్న గడిలో ఇంకా పాత ఊరే ఉంటుంది, ప్రీమియం తక్కువని ఎవరూ మార్చరు. తర్వాత తప్పేది టాక్స్. ఏడాది మధ్యలో రాష్ట్రం మారినవాళ్ళు, రాష్ట్ర ఆదాయ పన్ను ఉన్నచోట్ల, పార్ట్-ఇయర్ రెసిడెంట్‌గా (ఏడాదిలో కొంత భాగమే నివాసిగా) ఫైల్ చేసి ఉండాలి. ఆ రిటర్నులో రాసిన తేదీ, మీరు అప్లికేషన్‌లో రాసే తేదీ ఒకటై ఉండాలి.

టెక్సస్‌లో, ఫ్లోరిడాలో ఇల్లున్నవాళ్ళు హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (ఇంటి పన్నులో రాయితీ) సంగతి ప్రత్యేకంగా చూసుకోండి. అది అసలు నివాసమైన ఇంటికే ఇస్తారు. పాత కౌంటీలో ఇంటిమీద ఆ రాయితీ ఇంకా తీసుకుంటూ, కొత్త కౌంటీలో నివాసం అని రాస్తే, మీ సంతకాలు రెండు ఒకదాన్నొకటి కాదన్నట్టే. అద్దెకిచ్చేసిన పాత ఇంటిమీద రాయితీ మర్చిపోయి కొనసాగుతుంటే, ముందు దాన్ని రద్దు చేయించండి, కట్టాల్సింది కట్టండి, ఆ రసీదు కూడా ఫైల్లో పెట్టండి.

లైసెన్సు మార్పుకు గడువులుంటాయి. వేరే రాష్ట్రం నుంచి వస్తే న్యూజెర్సీలో 60 రోజులు, టెక్సస్‌లో 90, వాషింగ్టన్‌లోనూ ఫ్లోరిడాలోనూ 30. గడువు దాటాక మార్చి ఉంటే, మారిన తేదీ గురించి మీరు చెప్పేదానికి లైసెన్సు సాక్ష్యం చెప్పదు. అలాంటప్పుడు మూవర్స్ బిల్లు, మొదటి కరెంటు బిల్లు లాంటివి పనికొస్తాయి.

ఇంకో ముఖ్యమైన మాట. మీ ఇంటి అడ్రస్ ఎవరి చేతుల్లోకి వెళ్తోందో ఆలోచించుకోండి. 2020 జూలైలో న్యూజెర్సీలో ఒక ఫెడరల్ జడ్జి ఇంటికి ఒకడు డెలివరీ మనిషి వేషంలో వచ్చి ఆమె కొడుకును కాల్చి చంపాడు. ఆ అబ్బాయి పేరు డేనియల్, వయసు 20. ఆ ఏడాదే న్యూజెర్సీలో జడ్జీల ఇంటి అడ్రసులు బయటపెట్టకుండా డేనియల్స్ లా వచ్చింది. 2022 చివర్లో ఫెడరల్ చట్టమూ వచ్చింది. అడ్రస్ రుజువు అడగడం వాళ్ళ హక్కు, అది పబ్లిక్ ఫైల్లో వేలాడకుండా చూడమని అడగడం మీ హక్కు. కాగితాలు ఇచ్చేటప్పుడే "ఇంటి అడ్రస్ ఉన్న పేజీలు విడిగా సీలు కవర్లో ఇస్తాను, పబ్లిక్ రికార్డుల అభ్యర్థన వస్తే వీటిని ఎలా కాపాడతారు?" అని క్లర్కును అడగండి. మొహమాటపడకండి, ఇంట్లో పిల్లలున్నారు.

ఏడో పని: అడగడం, రాయడం, కూర్చుని మాట్లాడటం

అనుమానం ఉంటే ఫోన్‌లో అడిగి ఊరుకోవద్దు. ఒకసారి ఒక ఊరి ఆఫీసుకు మా క్లయింటు తరఫున నేనే ఫోన్ చేశాను. "పక్క ఊళ్ళో ఉంటే ఏం కాదమ్మా, పంపించేయండి" అన్నారు. పంపించాం. ఇంటర్వ్యూ రోజు ప్యానెల్‌లో ఒకాయన నోటీసు చేతిలో పట్టుకుని, ఊరివాళ్ళకే ప్రాధాన్యం అని ఇందులో ఉంది కదా అని మొదటి ప్రశ్నే అది వేశారు. ఫోన్‌లో చెప్పిన మనిషి ఎవరో మా దగ్గర పేరు కూడా లేదు. నోటిమాట నీటిమూట అని నాకు అర్థమైన రోజు అది. అప్పటి నుంచి ప్రతిదీ ఈమెయిల్‌లోనే అడుగుతున్నాను.

ఈమెయిల్ చిన్నగా ఉండాలి. ఏ పోస్టు, మీ ఇల్లు ఏ మున్సిపాలిటీ, ఏ కౌంటీ, ఎప్పటి నుంచి. తర్వాత రెండే ప్రశ్నలు: "ఈ పోస్టుకు వర్తించే నివాస నిబంధన ఏ చట్టంలో లేదా ఆర్డినెన్స్‌లో ఉంది? అది ఏ తేదీకి నెరవేరి ఉండాలి?" మీరు అర్హులా కాదా అని అడగొద్దు. ఆ మాట చెప్పడానికి క్లర్కులు భయపడతారు, జవాబే రాదు. రూలు ఎక్కడుందని అడిగితే చెప్తారు. చార్టర్‌లో ఒకటి, రాష్ట్ర చట్టంలో ఇంకొకటి ఉంటే ఏది చెల్లుతుందో సిటీ అటార్నీ అభిప్రాయం అడగమని కోరండి.

అప్లికేషన్‌లో గత పదేళ్ళ అడ్రసులు అడిగితే అన్నీ రాయండి, మూడు నెలలు ఉన్న అపార్ట్‌మెంట్‌తో సహా. రెండో ఇల్లు ఉంటే మీరే ముందు చెప్పేయండి. దాచింది దొరికితే ఇల్లు సమస్య పోయి నిజాయితీ సమస్య అవుతుంది, జడ్జి పోస్టుకు దాన్ని మించిన దెబ్బ లేదు. ఇంటర్వ్యూలో "మీకు ఈ ఊరు ఎంత తెలుసు" అని తప్పక అడుగుతారు. ఏళ్ళ సంఖ్య చెప్పి ఊరుకోకండి. ఏ కూడలి దగ్గర టికెట్లు ఎక్కువ పడతాయో, కోర్టుకు బస్సు ఏ టైముకు ఆగిపోతుందో, ఇంగ్లిష్ రాని పెద్దవాళ్ళు ఏ కాలనీల్లో ఎక్కువో, అలాంటివి చెప్పండి. మున్సిపల్ కోర్టుకు వచ్చేవాళ్ళలో చాలామందికి జీవితంలో కోర్టు గడప తొక్కడం అదే మొదటిసారి, అదే ఆఖరిసారి కూడా. వాళ్ళ ఊరు తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది. నివాస నిబంధన పెట్టింది కూడా అందుకేనని నేను నమ్ముతాను.

నియామకం వచ్చాక

చాలా రూళ్ళు "పదవిలో ఉన్నన్నాళ్ళూ" అంటాయి. న్యూయార్క్‌లో లోకల్ అధికారి తాను ఉండాల్సిన ఊరి నివాసి కాకుండా పోతే, ఎవరూ తీసేయనక్కర్లేకుండానే ఆ పదవి ఖాళీ అయినట్టు చట్టం లెక్కేస్తుంది. మీరు అప్పటికే ఇచ్చిన తీర్పులు సాధారణంగా కొట్టుకుపోవు. బయటికి అధికారిగానే కనపడుతూ పనిచేసిన మనిషి చర్యలు చెల్లుతాయని పాత సూత్రం ఒకటుంది. కానీ ఓడిపోయిన ప్రతి కక్షిదారూ ఆ ప్రశ్న లేవదీయడానికి దారి దొరుకుతుంది, మీ పేరు దాంతోపాటు నలుగుతుంది.

మీ ఇల్లు గీత బయట ఉండి, ఇప్పట్లో మారే వీలు లేకపోతే, దారి పూర్తిగా మూసుకుపోయినట్టు కాదు. తాత్కాలిక జడ్జీలకు చాలాచోట్ల రూలు వదులుగా ఉంటుంది. వాషింగ్టన్ మున్సిపల్ కోర్టుల్లో ప్రో టెమ్ జడ్జి ఆ ఊళ్ళోనో ఆ కౌంటీలోనో ఉండనక్కర్లేదని చట్టమే చెప్తోంది. అసలు జడ్జి సెలవు పెట్టిన రోజుల్లో కూర్చుంటారు, పని నేర్చుకుంటారు, క్లర్కులకు మీరెలా పనిచేస్తారో తెలుస్తుంది. రెండేళ్ళు అలా చేసి, అప్పుడు ఇల్లు మారాలో వద్దో తేల్చుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇక పదవిలో ఉండగా ఇల్లు మారే ఆలోచన వస్తే, విడాకులైనా, అమ్మానాన్నల కోసమైనా, పెద్ద ఇల్లు కావాలనైనా, కొత్త ఇంటి పార్సెల్ నంబరుతో మూడో పని మళ్ళీ మొదటి నుంచి చేయండి. కొనుగోలు అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు చేయండి. రియల్ ఎస్టేట్ ఏజెంట్ లిస్టింగులో రాసేది కూడా పోస్టాఫీసు పేరే.